పథ్యం తప్పిందన్నారు

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు. మొన్నొక ఆదివారం ఫోన్ చేసి, "పెద్దమ్మా, కాలేజీల డిబేట్ ఉన్నది. మతం సమాజానికి హాని చేస్తదా అని టాపిక్. చేస్తది అనే సైడు నాకిచ్చిన్రు. నువ్వెట్లాగూ దేవుణ్ని నమ్మవు కదా, నాలుగు పాయింట్లు చెప్పు" అన్నాడు. చెప్పాను. వాడు రాసుకున్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. వాడికి చెప్పినవన్నీ ఎక్కడో చదివినవి, ఎవరో అంటుంటే విన్నవి. నేను నమ్మడం ఎందుకు మానేశానో, అసలు హాని ఎక్కడుందని అనుకుంటున్నానో వాడికి చెప్పలేదు. వాడు ఎప్పుడూ చూడని మేనమామ సంగతి చెప్పకుండా అది చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఏఎన్ఎంను. 1996లో ఉద్యోగంలో చేరాను. మొదట పాత కరీంనగర్ జిల్లాలో, తర్వాత పరకాల వైపు, ఇప్పుడు ములుగు వైపు ఒక పల్లె దవాఖానలో. ఊళ్లలో అందరూ నర్సమ్మ అంటారు.

1983 ఎండాకాలం సంగతి ఇది. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఆరు. నాన్న వరంగల్‌లో అజంజాహి మిల్లులో పనిచేసేవాడు. బడి సెలవులకు అమ్మ మమ్మల్ని పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరికి తీసుకుపోయింది. మే మొదట్లో ఒక పొద్దున తమ్ముణ్ని వీధికుక్క పిక్క మీద కరిచింది. రెండు పళ్లు దిగాయి. నెత్తురు పెద్దగా రాలేదు కూడా. ఎవరో సున్నం తెచ్చి గాయం మీద పెట్టారు.

అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవాళ్లు. ఆ మాట చెప్పి పెద్దవాళ్లే పిల్లల్ని భయపెట్టేవాళ్లు. "పసిపిల్లగాడు తట్టుకుంటడా" అన్నది అమ్మమ్మ. ఊరి చివర చిన్న గుడి కట్టుకుని ఒకాయన ఉండేవాడు. మంగళవారం, శుక్రవారం శిగమూగేవాడు, అంటే దేవుడు ఒంటి మీదికి వచ్చినట్టు ఊగేవాడు. ఆయన దగ్గరికి తీసుకుపోయారు. నేనూ వెంట పోయాను. వేపమండతో దిగదుడిచాడు, ఏదో పచ్చటి పసరు తాగించాడు, కాలికి నల్లతాడు కట్టాడు. నలభై రోజులు పథ్యం అన్నాడు. నీసు ముట్టొద్దు, పులుపు ముట్టొద్దు. ఒక కోడి, కొబ్బరికాయ, కల్లు సీసా ఇచ్చి వచ్చాం. అందరి మనసూ నెమ్మదించింది.

జూన్‌లో వరంగల్ తిరిగొచ్చాం. మిరుగం వచ్చింది. మా వైపు మృగశిర కార్తె రోజున చేపలు తినని ఇల్లుండదు. ఆ పూట మిల్లు కాలనీ అంతా చేపల పులుసు వాసనే. తమ్ముడికి చేపలంటే ప్రాణం. పథ్యం ఇంకా కొన్ని రోజులు మిగిలుంది. వాడు గిన్నె దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అమ్మ చూడలేక ఒక ముక్క ముల్లు తీసి పెట్టింది. ఒక్క ముక్క. నేను పక్కనే ఉన్నాను.

జులైలో జ్వరమొచ్చింది. కరిచిన చోట దురద అని గోకుతూనే ఉండేవాడు. రెండో రోజు అమ్మ ఇత్తడి గ్లాసులో నీళ్లిస్తే గొంతు బిగుసుకుపోయి గ్లాసును తోసేశాడు. దాహం, దాహం అనేవాడు, గ్లాసు దగ్గరికి తెస్తే వణికిపోయేవాడు. తలుపు తెరిస్తే వచ్చే గాలికి కూడా మెడ కొంకర్లు పోయేది. పెద్ద దవాఖానకు తీసుకుపోయిన తర్వాత రెండు రోజులున్నాడు. ఇంతకన్నా రాయలేను.

దినాలైనంక అమ్మమ్మ ఊరికి పోయి ఆయన్ని అడిగింది. ఆయన అడిగిన మాట ఒక్కటే. "నీసు ముట్టిండా?" అమ్మమ్మ మిరుగం సంగతి చెప్పింది. "అదే" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన పని అయిపోయింది. ఆయన గుడి అట్లాగే నడిచింది, మంగళవారం, శుక్రవారం జనం వస్తూనే ఉన్నారు. మా అమ్మ మాత్రం ఆ తర్వాత 33 ఏళ్లు బతికి, ఒక్కనాడు కూడా చేప ముట్టలేదు. తన కొడుకును తన చేత్తో చంపుకున్నానని నమ్మింది. 1994లో ఏఎన్ఎం ట్రైనింగ్‌లో రేబిస్ గురించి చదివాను. కరిచిన చోటి నుంచి వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుందని, దానికి వారాలు, నెలలు పడుతుందని, ఆ గడువులో టీకా వేస్తే బతుకుతారని, లక్షణాలు మొదలైతే ఇక ఏ మందూ పనిచేయదని, తిండికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఆ రోజు తెలిసింది. ఆ శనివారమే ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. "చేప వల్ల కాదమ్మా. ఆ ముక్క పెట్టకపోయినా వాడు బతికేటోడు కాదు." అమ్మ నా తల నిమిరి, "నా మనసు కోసం చెప్తున్నవ్ బిడ్డా" అన్నది.

ఇంకొకటి కూడా రాయాలి. నాన్న దేవుణ్ని నమ్మేవాడు కాదు. మిల్లు యూనియన్‌లో తిరిగిన మనిషి. పథ్యం అబద్ధమని ఆయనకు తెలుసు. కానీ ఆ మాట అమ్మతో ఒక్కసారి కూడా అనలేదు. కొడుకు పోయిన దుఃఖంలో ఆయనకూ ఎవరో ఒకరిని తప్పుపట్టాలనిపించిందేమో, ఆ తప్పు అమ్మ మీదే ఉండనిచ్చాడు. నమ్మనివాడు నోరు మూసుకుంటే అతని అపనమ్మకం ఎవరికీ అక్కరకు రాదని నాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా పల్లె దవాఖానలో నేను టీకా సీసా తెరిచే ముందు దాని మీది గుర్తు చూస్తాను. ఒక చిన్న గుండ్రం, దాని లోపల తెల్లటి చతురస్రం. సీసా వేడి తగులుతూ ఉంటే లోపలి చతురస్రం కొంచెం కొంచెంగా నల్లబడుతుంది. చుట్టూ ఉన్న గుండ్రం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పనికిరాదు, పక్కన పెట్టేయాలి. తను చెడిపోయిందని తనే చెప్పే మందు అది. దాని మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ఏ బిడ్డకు ఏ సీసాలోంచి వేశానో రిజిస్టర్‌లో రాస్తాను. వేసిన తర్వాత బిడ్డకు ఏదైనా తేడా చేస్తే దానికి వేరే ఫారం, దాని మీద పైనుంచి విచారణ. ఆ ఫారం నింపడమంటే మాకు ఎంత టెన్షనో నాకు తెలుసు. అయినా నింపుతాం.

మా వైద్యం తప్పులు చేయదని కాదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. అట్లాంటి క్యాంపులకు ఊళ్ల నుంచి ఆడవాళ్లను ఒప్పించి తీసుకుపోయేది మేమే, ఏఎన్ఎంలం, ఆశాలం. ఆ వార్త చూసిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. కానీ ఆ చావులకు కారణం ఆ నలుగురి భక్తి తక్కువ కావడమని ఎవరూ అనలేదు. అనడానికి వీల్లేదు. విచారణ జరిగింది, చర్యలు తీసుకున్నారు. ఇంకా కఠినంగా ఉండాల్సిందని మీరనొచ్చు, నేనూ అంటాను. అట్లా అనే హక్కు మనకు ఉండటమే నాకు ముఖ్యం.

మతం మీద నా అభియోగమంతా ఇక్కడే. ఫలిస్తే దేవుడి మహిమ, ఫలించకపోతే నీ తప్పు. పథ్యం తప్పావు, మొక్కు మరిచావు, విశ్వాసం చాలలేదు, పోయిన జన్మలో ఏదో చేశావు. తప్పిన లెక్క రాసుకునే పుస్తకం అక్కడ లేదు. తప్పిన ప్రతిసారీ ఆ బరువు ఆ ఇంట్లో అందరికన్నా బలహీనంగా ఉన్న మనిషి మీద పడుతుంది. తల్లి మీద, కోడలి మీద, జబ్బుమనిషి మీద.

ఇది అంటే వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "అది మూఢనమ్మకం, మతం కాదు." ముప్పై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. నాతో పనిచేసిన ఒక సిస్టర్ క్రైస్తవురాలు. తాయెత్తులు మూఢనమ్మకం, ప్రార్థన చేసిన నూనె మాత్రం విశ్వాసం అనేది. విభూతి పెట్టుకునే మా సూపర్‌వైజర్‌కు ఆ నూనె మూఢనమ్మకం. దర్గా తాడు కట్టుకునే మా ఆటో డ్రైవర్‌కు శిగమూగేవాళ్లను చూస్తే నవ్వు. ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురితోనూ టిఫిన్ పంచుకుని తిన్నాను. ఎవరి గీత వాళ్లకు తమ ఇంటి గోడ బయటే పడుతుంది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని అర్ధరాత్రి పరిగెత్తే తల్లికి ఆ గీత ఎక్కడ కనపడుతుంది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కోపం ఎక్కువ. 1999లో ఒక ఊళ్లో టీకాల రోజున ఒక పసిపిల్ల మెడలో, మొలలో, రెండు చేతులకూ తాళ్లు చూశాను. తమ్ముడి కాలికి కట్టిన తాడు గుర్తొచ్చింది. కత్తెర తీసుకుని అన్నీ కోసేశాను. ఆ తల్లి ఏమీ అనలేదు. తాళ్లు ఏరుకుని కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు టీకాకు ఇంటికి పోతే తలుపు వేసుకుంది. ఆ పిల్లకు తట్టు పోసింది, ఆ వెంటనే నిమ్ము చేసింది. బతికింది గానీ చాలా రోజులు మంచంలో ఉంది. ఆ తప్పు నాది, నా రిజిస్టర్‌లో రాసుకోవాల్సింది. అప్పటి నుంచి ఏ తాడూ ముట్టుకోలేదు. "తాడు ఉండనీ, సూది కూడా వేయించుకో" అంటాను.

ఆ మాటతో ఒక మనిషిని కాపాడుకున్నాను కూడా. 2019లో ఒక బాలింత, ఇరవై ఏళ్లుంటాయి, కాన్పైన నాలుగో రోజు నుంచి నిద్రపోవడం మానేసింది. ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు అనేది. గోడ వైపు చూసి ఎవరితోనో మాట్లాడేది. మా ఆశ కార్యకర్త వచ్చి చెప్పేసరికి వాళ్లు ఆమెను ఒక చోటికి తీసుకుపోయి ఉంచారు. దయ్యం పట్టిందన్నారు. ఇరవై ఒక్క రోజులుంటే దిగిపోతుందట. అక్కడికి పోయి చూశాను. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లలా ఉన్నాయి, చీర తడిసిపోయి ఉంది, ముఖాన కుంకుమ, కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉబ్బాయి. బిడ్డ ఇంటి దగ్గర డబ్బా పాలు తాగుతోంది. ఇది కాన్పు తర్వాత కొందరికి వచ్చే మెదడు జబ్బు. అరుదే గానీ ప్రమాదకరం. తల్లి తనకు తాను హాని చేసుకోవచ్చు, బిడ్డకూ చేయవచ్చు. మందులతో నయమవుతుంది.

ఆమె అత్తతో వాదన పెట్టుకోలేదు. "అత్తమ్మా, దేవుడు దేవుడి పని చేస్తడు. కానీ అయిదు రోజులుగా నిద్ర లేని ఒంట్లో దయ్యమేంది, మనిషే నిలవడు. నిద్రపట్టే గోలీ కోసమన్నా డాక్టర్ దగ్గరికి పోదాం. తాడు తియ్యొద్దు" అన్నాను. మూడు గంటలు పట్టింది. చివరికి ఒప్పుకుని, నా వెంటే వరంగల్‌కు వచ్చి మానసిక వైద్యుడికి చూపించింది. నెలన్నరలో ఆ పిల్ల తేరుకుని బిడ్డకు నలుగు పెట్టి స్నానం చేయిస్తుంటే చూసొచ్చాను.

ఆ తర్వాతది వినండి. నయమైంది తాడు వల్లే అనుకున్నారు. నేను ఏమీ అనలేదు, మనిషి బాగైంది చాలు అనుకున్నాను. ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మళ్లీ నెల తప్పినప్పుడు ఆమె పుట్టింటి వైపు వేరే దవాఖానలో పేరు రాయించుకుంది. మొదటి కాన్పు సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. చెప్పడానికేముంది, వాళ్ల లెక్కలో అది జబ్బే కాదు కదా. అదృష్టం బాగుండి ఆశ ద్వారా నాకు తెలిసింది, అక్కడి సిస్టర్‌కు ఫోన్ చేసి చెప్పాను. ముందే మందులు మొదలుపెట్టారు. తాడు ఉండనీ అనడం వల్ల ప్రాణం నిలబడింది, తాడుకు పేరు పోనివ్వడం వల్ల రెండోసారి ప్రాణం మీదికి వచ్చేదే. ఈ రెంటి మధ్య ఏది సరైందో ఇప్పటికీ నాకు తేలలేదు.

రిజిస్టర్ అంటే ఇంకొకటి గుర్తొస్తోంది. కరీంనగర్ జిల్లాలో పనిచేస్తున్నప్పుడు ఒక గర్భిణి పేరు రాసుకుంటూ భర్త పేరేమిటని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. పక్కనున్న ముసలమ్మ, "దాన్ని ఎల్లమ్మకు ఇచ్చిన్రు బిడ్డా" అన్నది. జోగిని. చిన్నప్పుడే దేవతతో పెళ్లి చేసి, తర్వాత ఊళ్లో పెద్దవాళ్ల పాలు చేస్తారు. దాదాపు అందరూ దళితుల ఆడపిల్లలే. మన దగ్గర 1988లోనే చట్టం వచ్చింది, దేవుడికి ఇలా ఇవ్వడం నేరం. చట్టం వచ్చాక కూడా ఆమె కాగితం మీద ఆ గడి ఖాళీగానే ఉంది. నా పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆమె సిగ్గుపడి తల వంచుకుంది. తల వంచుకోవాల్సింది ఆమె కాదు.

నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం ఏళ్ల తరబడి పనిచేసింది హేమలతా లవణం. గుర్రం జాషువా కూతురు, 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరాకు కోడలు. భర్త లవణంతో కలిసి ఆ ఊళ్లు తిరిగి, వాళ్లకు నీడ, పని, పెళ్లిళ్లు, పిల్లలకు చదువు ఏర్పాటు చేసింది. దేవుడు లేడనేవాళ్లకు నీతి ఎక్కడిదని ఎవరైనా అడిగితే నేను ఆమె పేరు చెప్తాను. ఆ ఆడవాళ్లను దేవుడి పేరు చెప్పి ఊరు వదిలేసింది, దేవుణ్ని నమ్మని ఇంటి కోడలు వచ్చి చేయి పట్టుకుంది.

మంత్రాల అనుమానం గురించి మా ఉత్తర తెలంగాణ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బాణామతి అన్న మాట చాలు, ఊరంతా ఒక ముసలివాడి మీద పడుతుంది. 2022 జనవరిలో జగిత్యాలలో ఆ అనుమానంతోనే ఒక తండ్రినీ, ఇద్దరు కొడుకులనూ చంపారు. ఇట్లాంటి చాలా వాటిలో ముందు ఎవరో ఒకరు "మీ ఇంటికి ఫలానా దిక్కు నుంచి తగిలింది" అని చెప్పి ఉంటారు. చెప్పేముందు నమ్మకం కుదరాలి కాబట్టి నిమ్మకాయ కోసి నెత్తురు చూపిస్తారు. ఆ నెత్తురు మా ఆశాల మీటింగులో నేనే చూపిస్తాను. మందార రేకులు కత్తి రెండు వైపులా రుద్ది ఆరనిస్తే కత్తి మామూలుగానే కనపడుతుంది. నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం ఎర్రగా కారుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఒక ఆశ ముఖం పాలిపోయింది. వాళ్లింట్లో అట్లా నెత్తురు చూపించినాయనకు ఎనిమిది వేలు ఇచ్చారట, ఆ రోజు నుంచి సొంత పెద్దమామతో మాటల్లేవట. ఆ సాయంత్రమే ఇంటికి పోయి మందారం కోసుకుంది.

మహారాష్ట్రలో ఇట్లాంటి వాటి మీద చట్టం కోసం ఏళ్లపాటు పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాది చివర్లో చట్టం వచ్చింది. ఒక మనిషి ప్రాణం పోతే గానీ కదలలేదు. మన దగ్గరా అట్లాంటి చట్టం కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. రాజ్యాంగంలో 51ఏ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల విధిగా చెప్తోంది. విధి అన్నాక దానికి చేతులూ కాళ్లూ ఉండాలి.

మరి మతం వల్ల మంచే లేదా అంటే, నేను మేడారంలో డ్యూటీ చేసినదాన్ని. 2024 ఫిబ్రవరి జాతరలో మెడికల్ క్యాంపులో నాలుగు రోజులున్నాను. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. సమ్మక్క గుట్ట దిగుతుంటే పోలీసులు గాల్లోకి తుపాకీ పేలుస్తారు, అంతమంది జనంలో ఒక్కసారిగా పుట్టే ఆ శబ్దానికి నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అక్కడ విగ్రహం లేదు, సంస్కృతం లేదు. కోయ పూజారులు, వెదురు కర్ర, కుంకుమ భరిణె. పన్నుల కోసం మీదికొచ్చిన కాకతీయుల సైన్యంతో కొట్లాడి ప్రాణాలిచ్చిన ఆడవాళ్లని ఆ కథ. ఏ కులం వాళ్లయినా ఒకే నేల మీద వండుకుని ఒకే దుమ్ములో పడుకుంటారు.

రెండో రోజు మధ్యాహ్నం ఒకామె కళ్లు తిరిగి పడిపోతే క్యాంపుకు మోసుకొచ్చారు. సెలైన్ ఎక్కిస్తుంటే తెలివొచ్చి ముందు వెతికింది బెల్లం మూట కోసం. మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు. కొడుకు బరువుకు మొక్కిందట. కొడుకేడి అంటే ఏడాదైంది పోయి అన్నది. బతికుండగా మొక్కిన మొక్కు, పోయినా తీర్చాలని వచ్చింది. ఏడుస్తూనే ఉంది, చాలాసేపు. "ఇంట్ల ఏడిస్తే అందరు ఊకో ఊకో అంటరు నర్సమ్మా. ఈడ ఎవ్వరు ఊకోమనరు." ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. మా దవాఖానలో ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర అట్లాంటి చోటు లేదు. అది ఒప్పుకోకపోతే నేను రాసిన మిగతాదంతా అబద్ధమవుతుంది.

పోలియో ఆదివారాల్లో మసీదు మైకులో చెప్తారు, చర్చిలో ఫాదర్ చెప్తాడు, గుడి మైకులో చెప్తారు. నేను వంద ఇళ్లు తిరిగినా రానివాళ్లు ఆ మైకు మాటకు వస్తారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ లేదంటే అందులో ఆ మైకులకూ వాటా ఉంది. అయితే అదే మైకు వేరేగానూ మోగుతుంది. 2020 మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకులకు కరోనా అని తేలింది. వారం తిరగకముందే మా వీధిలో ఇరవై ఏళ్లుగా కూరగాయలమ్మే ముసలాయన బండి దగ్గర ఎవరూ ఆగలేదు, ఆయన పేరు ముస్లిం పేరు కావడం వల్ల. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో సెకండ్ వేవ్ ఉధృతిలో హరిద్వార్ కుంభమేళాలో లక్షల మంది స్నానాలు చేశారు. అప్పుడు ఎవరి బండినీ ఎవరూ వెలివేయలేదు. వైరస్‌కు రెండూ ఒకటే, మా వీధికి ఒకటి కాలేదు.

మశూచి పోచమ్మ పోసిందనేవాళ్లు. మన దేశంలో 1975 తర్వాత మశూచి లేదు, 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. టీకాలేసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. పోచమ్మకు మాత్రం మా ఊళ్లో ఇప్పటికీ బోనాలెత్తుతారు. ఆ బోనం మీద నాకు కోపం లేదు. జబ్బు పోయాక మిగిలిన బోనం పండుగే, ఎవరికీ దాని వల్ల నష్టం లేదు. నేనూ కుండకు పసుపు రాసిస్తాను.

నాన్న దగ్గర సోవియట్ పుస్తకాలుండేవి, విశాలాంధ్ర బండి వచ్చినప్పుడల్లా కొనేవాడు. దేవుడు లేని దేశం ఎంత బాగుందో చూడమనేవాడు. ఆ దేశంలోనే లైసెంకో అనే ఆయన చెప్పిన తప్పుడు వ్యవసాయ సిద్ధాంతాన్ని కాదన్నవాళ్లను జైళ్లలో పెట్టారని, వావిలోవ్ లాంటి గొప్ప శాస్త్రవేత్త 1943లో జైల్లోనే చనిపోయాడని నేను చాలా ఆలస్యంగా చదివాను. గుడి లేకపోయినా, కాదనడానికి వీల్లేని మాట ఉన్న చోట మా తమ్ముడి లాంటివాళ్లు చచ్చిపోతారని అప్పుడు తెలిసింది. చెల్లెలి కొడుకు డిబేట్‌కు ఈ పాయింట్ పనికిరాదు, అవతలి వైపు వాళ్లకు పనికొస్తుంది. అయినా వాడికి చెప్తాను.

అమ్మ గురించి ఒకటి మిగిలింది. ప్రతి ఏడాదీ తమ్ముడి పేరు మీద వేములవాడ పోయి కోడె మొక్కు చెల్లించేది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేసి, అదే ఆవరణలో ఉన్న దర్గా దగ్గర కూడా కాసేపు కూర్చునేది. ఆ సాయంత్రం బస్సులో అమ్మ ముఖం తేటగా ఉండేది, కిటికీ పక్కన కూర్చుని పాటలు పాడేది. తోడు పోయేది నేనే. పుండు చేసిందీ, దాని మీద మందు పూసిందీ ఒక్క నమ్మకమే. పుండు లేకుండా ఉంటే అమ్మకు ఆ మందు అక్కర్లేకపోను కదా అని ప్రతిసారీ అనుకునేదాన్ని, పైకి అనలేదు. 2016లో పోయింది. చివరి నెలలో పక్కింటామె మిరుగం అని చేపల పులుసు గిన్నెతో వస్తే, అమ్మ మంచంలోనే అటు తిరిగి పడుకుంది.

ఈ ఏడాది మే చివర్లో ఒక ముసలమ్మ మనవణ్ని చంకనేసుకుని మా పల్లె దవాఖానకు వచ్చింది. అయిదేళ్లుంటాయి. చేతి మీద కుక్క కాటు, పైన పసుపు, మణికట్టుకు కొత్త నల్లతాడు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. నల్లా కింద చేయి పెట్టించి, తాడును కొంచెం పైకి జరిపి, సబ్బుతో పావుగంట కడిగాను. వాడు అరుస్తూనే ఉన్నాడు, నా చెయ్యి కొరికినంత పని చేశాడు. నాలుగుసార్లే సూది, భుజానికే, బొడ్డు చుట్టూ కాదు అని ముసలమ్మకు చెప్పి, పీహెచ్‌సీకి ఆటో మాట్లాడి నేనూ ఎక్కాను. మొదటి సూది అయ్యాక, గాయం చుట్టూ వేయాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించి, మళ్లీ ఎప్పుడెప్పుడు రావాలో మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు తేదీలు కార్డు మీద రాసిచ్చాను.

కార్డు కొంగున కట్టుకుంటూ ముసలమ్మ అడిగింది. "పథ్యం ఏమన్న ఉన్నదా బిడ్డా? మిరుగం వస్తాంది, పిలగాడు చేపలంటే పడి చస్తడు."

"ఏ పథ్యం లేదవ్వా" అన్నాను. "పెట్టు. ముండ్లు తీసి పెట్టు."